టెర్రీ స్మిత్ వాటా తగ్గిస్తే మనమూ అమ్మాలా?

మియాపూర్ మదుపరి:
బ్రిటన్ ఫండ్ మేనేజర్ టెర్రీ స్మిత్ సంస్థ ఫండ్‌స్మిత్ అమెరికా నియంత్రణ సంస్థకు ఇచ్చిన 13ఎఫ్ పత్రం, అంటే మూడు నెలలకోసారి దాఖలు చేసే షేర్ల చిట్టా, చూశాను. మంచి కంపెనీలు కొను, ఎక్కువ ధర పెట్టకు, ఆపై ఏమీ చేయకు అనే పెద్దమనిషి మైక్రోసాఫ్ట్‌తో సహా చాలావాటిలో వాటా తగ్గించారు. నా దగ్గరా కొన్ని మైక్రోసాఫ్ట్ షేర్లున్నాయి, కొని ఇంకా రెండేళ్లు నిండలేదు. ఆఫీసులో భోజనాల దగ్గర సగం మంది అమ్మేయమంటున్నారు, సగం మంది ఇంకా కొనమంటున్నారు. ఏం చేయమంటారు?

పద్మారావునగర్ ఆడిటర్:
భోజనాల దగ్గరి తీర్పులు పక్కన పెట్టండి. రెండు త్రైమాసికాల పత్రాలూ పక్కపక్కన తెరిచి షేర్ల సంఖ్య వరుస ఒక్కటే చూడండి. విలువ వరుసను నమ్ముకుంటే దారి తప్పుతారు. ఆయన ఒక్క షేరూ అమ్మకపోయినా ధర పడితే విలువ తగ్గుతుంది. పైగా 2023కు ముందటి పత్రాల్లో విలువ వేల డాలర్లలో ఉంటుంది, ఇప్పుడు పూర్తి డాలర్లలో.

సంఖ్య అన్ని కంపెనీల్లోనూ దాదాపు ఒకే శాతం తగ్గితే అది అభిప్రాయం కాదు, నగదు అవసరం. మదుపరులు సొమ్ము వెనక్కి తీసుకుంటుంటే ఎంత ఇష్టమైన కంపెనీనైనా తలా కాస్త అమ్మక తప్పదు. మిగతావి కదలకుండా ఒక్కటే సగానికి పడిపోయిందా, అప్పుడు కుర్చీ ముందుకు జరుపుకుని చదవండి.

మార్చి 31 నాటి లెక్క దాఖలుకు 45 రోజుల గడువుంటుంది, అంటే మన కంట పడేది మే నడిమికి. అందులోనూ అమెరికాలో నమోదైన షేర్లే ఉంటాయి. ఆయన పారిస్‌లో కొన్న లోరియల్ షేర్లు కనబడవు. పత్రంలో లేదు కాబట్టి వదిలేశారని వాదించినవారిని చూశాను, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక పన్ను. ఆయనది బ్రిటన్ ఫండ్, అమ్మకం లాభంపై ఫండ్ స్థాయిలో పన్ను లేదు. మీరు 24 నెలలు నిండకముందే అమ్మితే లాభం మీ ఆదాయంలో కలిసి స్లాబు ప్రకారం పన్ను పడుతుంది. నిండాక అయితే 12.5 శాతం, సెస్సు అదనం.

తార్నాక పంతులు:
ఆడిటర్ గారి మాట సగమే ఒప్పుకుంటాను. పూర్తిగా అమ్మేసినవాటిలో నేర్చుకోవలసింది ఉంది. 2021లో కొన్న అమెజాన్‌ను 2023లో వదిలించుకున్నారు. ఏమీ చేయకు అన్న సూత్రం ఎటు పోయినట్టు? ఫండ్ మొదలైన 2010 నుంచీ ఉన్న మద్యం కంపెనీ డియాజియోను 2024లో అమ్మేశారు. బరువు తగ్గించే మందులు మద్యం వ్యాపారాన్ని దెబ్బతీస్తాయని ఆయన అనుమానం. మన యునైటెడ్ స్పిరిట్స్‌లో పెద్ద వాటా ఆ డియాజియోదే, కాబట్టి ఇక్కడివారికీ పట్టే సంగతి.

పద్మారావునగర్ ఆడిటర్:
ఆ కారణం మీకు 13ఎఫ్‌లో దొరికిందా పంతులుగారూ? ఏటా జనవరిలో ఆయన మదుపరులకు రాసే ఉత్తరంలో దొరికింది. పత్రం ఏం జరిగిందో చెబుతుంది, ఎందుకో చెప్పదు. అమెజాన్ విషయంలో మాత్రం మీతో పేచీ లేదు.

మియాపూర్ మదుపరి:
రెండు పత్రాలూ దింపుకున్నాను. 24 నెలలు నిండేదాకా అమ్మకం ఊసు ఎత్తను. ఒక్క సందేహం మేడమ్: అమ్మకపోయినా రిటర్నులో ఈ షేర్లు చూపాలా?

పద్మారావునగర్ ఆడిటర్:
చూపాలి, విదేశీ ఆస్తుల పట్టికలో. అక్కడ లెక్క జనవరి నుంచి డిసెంబరు వరకు, మన ఆర్థిక సంవత్సరం కాదు. బ్రోకరు దగ్గర ఆ కాలానికి స్టేట్‌మెంట్ ఇప్పుడే అడిగి పెట్టుకోండి.