పార్లర్‌కి వచ్చే అమ్మాయిని ఇంట్లో కొడుతున్నారని అనుమానం, ఎలా అడగాలి?

అందరికీ నమస్కారం. ఖమ్మంలో చిన్న బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. రెండేళ్లుగా నా దగ్గరికి వచ్చే ఒకమ్మాయి గురించి అడుగుతున్నాను.

మొన్న తలకి నూనె పెడుతుంటే చెవి వెనక రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడిపోయి, చర్మం కమిలి కనిపించింది. పేనుకొరుకుడైతే నున్నగా ఉంటుంది. ఇది పట్టి లాగినట్టుంది. "ఏమైందమ్మా?" అంటే "తలుపు తగిలింది అక్కా" అంది. తలుపు తగిలితే జుట్టు ఊడదు కదా. ఐబ్రోస్ చేద్దామని చెయ్యి ఎత్తగానే ఉలిక్కిపడి మొహం తిప్పుకుంది. భర్త బయట బండి మీదే కూర్చుని పది నిమిషాలకోసారి ఫోన్ చేస్తాడు. నాకు రెండు రాత్రులుగా నిద్ర లేదు.

మహిళల 181 హెల్ప్‌లైన్, హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రాల గురించి తెలుసు. 2005 గృహహింస చట్టం ప్రకారం ఎవరైనా రక్షణ అధికారికి సమాచారం ఇవ్వొచ్చు, మంచి ఉద్దేశంతో చెబితే మన మీద ఏ బాధ్యతా పడదు. కానీ ఆమెను అడక్కుండా నేను ఫోన్ చేస్తే, ఇంటికెళ్లాక దెబ్బలు ఇంకా ఎక్కువవుతాయేమోనని టెన్షన్.

చీటీ ఇస్తే భర్త కంట పడుతుందని, 181 నంబర్‌ని బాత్రూమ్ తలుపుకి లోపలివైపు అంటించాను. ఈసారి హెయిర్ స్పా అని లోపలి గదిలో కూర్చోబెడతాను. అక్కడ మొదటి మాట ఏమనాలి? సూటిగా అడిగితే మళ్లీ రాదేమో. పార్లర్లలో పనిచేసేవాళ్లు ఇలాంటప్పుడు ఏం చేశారు? సఖి కేంద్రం సంగతి తెలిసినవాళ్లు ఒకటి చెప్పండి: ఆమె బయటికి వచ్చేస్తే, నాలుగేళ్ల బాబుతో సహా ఆ రాత్రికి చోటిస్తారా? వచ్చే శనివారం వస్తానంది.