మూడు విడతల సర్వేలో సామాజిక క్షేమం స్కోరు పడిపోయింది: మారింది జనమా, కొలతా?

పరిశీలిని:
నమస్కారం. ఒకే మనుషుల్ని మూడు విడతల్లో అడిగిన ప్యానెల్ డేటా మీద పనిచేస్తున్నాను. సామాజిక శాస్త్రవేత్త కోరీ కీస్ 1998లో ఇచ్చిన సామాజిక క్షేమం కొలమానం, 15 ప్రశ్నల రూపం. అయిదు పార్శ్వాలు, ఒక్కోదానికి మూడు ప్రశ్నలు, 7 అంచెల జవాబులు. మొదటి విడతలో 2,140 మంది, మూడింట్లోనూ ఉన్నది 1,310 మంది. మొదటి రెండు విడతలు ముఖాముఖి, మూడోది వెబ్‌లో జరిగాయి.

సమాజానికి తోడ్పాటు అనే పార్శ్వంలో సగటు రెండో విడత నుంచి మూడో విడతకు 0.24 తగ్గింది. ఆల్ఫా (ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే అంకె) మూడు విడతల్లోనూ దాదాపు ఒకటే. ఏ విడతకా విడత ఫ్యాక్టర్ మోడల్ (జవాబుల వెనకున్న కనిపించని గుణాన్ని, అంటే ఫ్యాక్టర్‌ను, అంచనా వేసేది) వేస్తే అన్నీ బాగా కుదిరాయి. ఇక సగటుల్ని పోల్చేయొచ్చా?

తూనికరాయి:
ఇంతవరకు చూసినదాంతో పోల్చకూడదండీ. ఆల్ఫా ప్రశ్నల మధ్య సహవ్యాప్తి (జవాబులు కలిసి మారే తీరు) నుంచి వస్తుంది, అందులో సగటుల పాత్రే లేదు. మూడో విడతలో ఒక ప్రశ్నకు అందరి జవాబూ ఒక అంచె కిందికి జరిపినా ఆల్ఫా చెక్కుచెదరదు. విడివిడిగా వేసిన మోడళ్లు కూడా ప్రశ్నలు ఒకే గుంపుగా కూడుతున్నాయని మాత్రమే చెబుతాయి. సగటు పోలికకు కావలసింది ఇంటర్‌సెప్టులు (ఫ్యాక్టర్ సున్నా దగ్గరున్నప్పుడు ఒక్కో ప్రశ్నకు వచ్చే జవాబు) సమానమన్న ఆధారం. అది మూడు విడతల్నీ ఒకే మోడల్లో పెడితేనే తెలుస్తుంది.

విడతల్ని వేర్వేరు గ్రూపులుగా మాత్రం పెట్టకండి. మనుషులు వాళ్లే కాబట్టి గ్రూపులు స్వతంత్రం కావు. డేటాను మనిషికో వరుసగా మార్చి, ప్రతి విడత ప్రశ్ననూ వేరే కాలమ్ చేయండి. ఒకే ప్రశ్న తాలూకు రెసిడ్యువల్స్ (ఫ్యాక్టర్ వివరించలేని మిగులు) విడతల మధ్య సహవ్యాప్తి చెందేలా వదలాలి. ఇది మరిచిపోతే మొదటి మోడలే కుదరదు, అప్పుడు తప్పంతా కొలమానం మీదికి పోతుంది.

15 ప్రశ్నలూ ఒకేసారి పెడితే 45 కాలమ్‌లు, 15 ఫ్యాక్టర్లు అవుతాయి. ముందు ఒక్కో పార్శ్వంతో మొదలుపెట్టండి. 9 కాలమ్‌లు, 3 ఫ్యాక్టర్లతో ఎక్కడ ఏం తెగిందో కంటికి కనిపిస్తుంది. ఈ మెట్లు వరసగా ఎక్కండి: నిర్మాణం ఒకటే, తర్వాత లోడింగులు (ప్రశ్న ఫ్యాక్టర్‌తో ఎంత గట్టిగా ముడిపడిందో చెప్పే అంకెలు) సమానం, తర్వాత ఇంటర్‌సెప్టులు సమానం. రెసిడ్యువల్ వ్యాప్తి సమానమా అన్నది మీరు ఫ్యాక్టర్ సగటుల్ని పోల్చేటట్టయితే తప్పనిసరి కాదు.

పరిశీలిని:
ధన్యవాదాలండీ. లావాన్‌లో (ఇలాంటి మోడళ్లు వేసే ఆర్ ప్యాకేజీ) తోడ్పాటు ఒక్కదానికే వేశాను. మూడు మోడళ్ల డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (డేటా ఇచ్చే అంకెల్లోంచి మోడల్ అంచనా వేసేవి తీస్తే మిగిలేవి) వరసగా 15, 19, 25. సీఎఫ్ఐ (మోడల్ డేటాకు ఎంత కుదిరిందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మంచిది) 0.987, 0.985, 0.941. ఇంటర్‌సెప్టుల మెట్టు దగ్గర కూలింది. అంటే పోలిక వదులుకోవాల్సిందేనా?

తూనికరాయి:
సీఎఫ్ఐ కంటే ముందు 25 దగ్గర ఆగండి. అక్కడ 23 రావాలి. లెక్క ఇదీ. 9 కాలమ్‌ల నుంచి 45 వ్యాప్తి-సహవ్యాప్తులు, 9 సగటులు, మొత్తం 54. మొదటి మోడల్లో లోడింగులు 6, ఫ్యాక్టర్ వ్యాప్తులు 3, వాటి మధ్య సహవ్యాప్తులు 3, ఇంటర్‌సెప్టులు 9, రెసిడ్యువల్ వ్యాప్తులు 9, విడతల మధ్య రెసిడ్యువల్ సహవ్యాప్తులు 9, కలిపి 39. మిగిలేది 15. లోడింగులు సమానం చేస్తే 6 కాస్తా 2 అవుతాయి, అందుకే 19. ఇంటర్‌సెప్టులు సమానం చేస్తే 9 కాస్తా 3 అవుతాయి, కానీ రెండు, మూడు విడతల ఫ్యాక్టర్ సగటులు 2 కొత్తగా అంచనాలోకి రావాలి. 19 కి 6 కలిపి 2 తీస్తే 23.

మీకు 25 వచ్చిందంటే ఆ రెండు సగటులు సున్నా దగ్గరే బిగించి ఉన్నాయన్నమాట. గ్రూపుల మోడల్లో ఇంటర్‌సెప్టులు సమానం చేయమంటే లావాన్ తనంతట తానే రెండో గ్రూపు నుంచి సగటులు వదులుతుంది. విడతల్ని ఒకే గ్రూపులో పెట్టినప్పుడు ఆ పని చేయదు, మీరే రాయాలి. మీరు పరీక్షించింది ‘ఇంటర్‌సెప్టులు సమానం, పైగా క్షేమం ఏమాత్రం మారలేదు’ అనే మాటను. అది కూలడంలో వింతేముంది!

ఇలాంటిదే లోడింగుల మెట్టులోనూ జరుగుతుంది. ఫ్యాక్టర్ వ్యాప్తిని 1కి బిగించే పద్ధతి వాడేవాళ్లు లోడింగులు సమానం చేశాక రెండు, మూడు విడతల వ్యాప్తుల్ని వదలాలి. మరిచిపోతే 19 బదులు 21 వస్తుంది. కాగితం మీద లెక్కేసి సరిపోలితేనే మిగతా ఫలితాలు చదవడం మంచిది. సెమ్‌టూల్స్‌లో (లావాన్‌కు తోడుగా వాడే ప్యాకేజీ) ఈ సింటాక్స్ మొత్తం రాసిపెట్టే ఫంక్షన్ ఉంది కానీ, దాన్నీ ఇదే లెక్కతో సరిచూసుకోండి.

నాలుగోఅంచె:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. జవాబులు 7 అంచెలు కాబట్టి నిరంతర సంఖ్యలుగా చూసి, ఎమ్ఎల్ఆర్ అంచనా (జవాబులు ఒకవైపు కాస్త ఒరిగినా తట్టుకునేది), అసంపూర్ణ డేటాకు పూర్తి సంభావ్యత పద్ధతి వాడటం సబబే. అప్పుడు 1,310 మందితో ఆగిపోనక్కర్లేదు, మధ్యలో మానేసినవాళ్లు కూడా విశ్లేషణలో ఉంటారు. అంచెలు నాలుగో అంతకంటే తక్కువో అయితే, లేక జవాబులన్నీ ఒక చివర కుప్పపడితే, థ్రెషోల్డులతో (ఒక అంచె నుంచి పై అంచెకు మారే హద్దులు) డబ్ల్యూఎల్ఎస్ఎమ్‌వీకి (అంచెల జవాబులకు తగిన అంచనా పద్ధతి) వెళ్లాలి. అక్కడ మెట్ల వరసే వేరు. వూ, ఎస్టాబ్రూక్ 2016లో చూపినట్టు ముందు థ్రెషోల్డులు, ఆ తర్వాతే లోడింగులు. ఏ విడతలోనైనా ఒక అంచెను ఎవరూ ఎంచుకోకపోతే ఆ థ్రెషోల్డు అంచనాకు అందదు. పక్క అంచెతో కలిపేయాలి, ఆ ఒక్క విడతలోనే కాదు, అన్నింట్లోనూ.

రెండు మెట్ల మోడళ్ల కై వర్గాల (మోడల్‌కూ డేటాకూ మధ్య ఎడాన్ని కొలిచే అంకెలు) తేడాను చేత్తో తీసివేయకండి. ఎమ్ఎల్ఆర్‌లోనూ, డబ్ల్యూఎల్ఎస్ఎమ్‌వీలోనూ సవరించిన తేడా పరీక్షే వాడాలి. మీ నమూనా పరిమాణానికి ఆ పరీక్ష చిన్న తేడాను కూడా తప్పుబడుతుంది కాబట్టి చెన్ 2007 హద్దులు పక్కన పెట్టుకోండి. 300 మందికి పైబడిన నమూనాల్లో సీఎఫ్ఐ 0.010 లేదా అంతకు మించి పడిపోవడం, దానికి తోడు ఆర్ఎమ్ఎస్ఈఏ 0.015 పెరగడం హెచ్చరిక (ఆర్ఎమ్ఎస్ఈఏ, ఎస్ఆర్ఎమ్ఆర్ రెండూ మోడల్ కుదరకపోవడాన్ని కొలుస్తాయి, పెరిగితే చెడ్డది). ఎస్ఆర్ఎమ్ఆర్ అయితే లోడింగుల మెట్టులో 0.030, ఇంటర్‌సెప్టుల మెట్టులో 0.010. ఇవి నిరంతర సంఖ్యల అంచనాకు కట్టిన హద్దులు, డబ్ల్యూఎల్ఎస్ఎమ్‌వీకి అలాగే దించకూడదు.

పరిశీలిని:
సగటులు వదిలాను. ఇప్పుడు 23 వచ్చింది, సీఎఫ్ఐ 0.966. ఇంకా 0.019 పడిపోయినట్టే కదా. తప్పు ఏ ప్రశ్నదో వెతుకుదామని మాడిఫికేషన్ ఇండెక్సులు (ఏ పరామితిని వదిలితే మోడల్ ఎంత మెరుగవుతుందో చెప్పేవి) తీస్తే ఆ ఇంటర్‌సెప్టులు జాబితాలోనే లేవు.

తూనికరాయి:
ఉండవండీ. ఆ ఆదేశం బిగించిన పరామితుల్ని చూపుతుంది, ఒకదానితో ఒకటి సమానం చేసి కట్టినవాటిని కాదు. వాటికి లావాన్‌లోనే ఉన్న లావ్‌టెస్ట్‌స్కోర్ వాడండి. అన్నిటికంటే పెద్ద విలువ వచ్చిన ఒక్క కట్టునే విప్పి మళ్లీ అంచనా వేయండి. రెండు మూడు ఒకేసారి విప్పితే ఏది దేనివల్ల సర్దుకుందో తెలియదు. ఇంకో మాట, మార్కర్ ప్రశ్ననే (ఫ్యాక్టర్ కొలతకు ప్రమాణంగా బిగించిన ప్రశ్న) చెడ్డదిగా అనుమానించండి. దాని ఇంటర్‌సెప్టే జరిగి ఉంటే, నిర్దోషులైన మిగతా రెండూ దోషులుగా కనిపిస్తాయి. మార్కర్ మార్చి మళ్లీ చూడటం పది నిమిషాల పని.

పరిశీలిని:
‘సమాజానికి ఇవ్వదగిన విలువైనది నా దగ్గర ఉంది’ అన్న అర్థం వచ్చే ప్రశ్న, మూడో విడత. దాని ఇంటర్‌సెప్ట్ వదిలితే 0.45 తక్కువ వస్తోంది. సీఎఫ్ఐ 0.983కి చేరింది. మిగతా రెండు ప్రశ్నలు వ్యతిరేక వాక్యాలు: ‘నా రోజువారీ పనుల వల్ల ఒరిగేదేమీ లేదు’, ‘సమాజానికి ఇచ్చేదేదీ నా దగ్గర లేదు’ అనే ధోరణివి. వాటిని తిప్పి స్కోరు చేశాను.

నాలుగోఅంచె:
అయితే ముడి సగటులోని 0.24లో 0.15 ఆ ఒక్క ప్రశ్నదే. 0.45ను మూడు ప్రశ్నలకు పంచితే వచ్చేది అదే. లోడింగులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే ఫ్యాక్టర్ సగటులో మిగిలే తగ్గుదల 0.09 చుట్టుపక్కల ఉండాలి. వ్యాసంలో ఈ రెండు అంకెలూ పక్కపక్కన ఇవ్వండి. పాక్షిక స్థిరత్వంతో (కొన్ని ప్రశ్నలు మాత్రమే విడతల మధ్య సమానంగా నిలవడం) సగటులు పోల్చడం బర్న్, షావెల్సన్, ముథేన్ 1989 నుంచి ఆమోదంలో ఉన్న పద్ధతే, కనీసం రెండు ప్రశ్నలు స్థిరంగా నిలవాలి.

ప్రశ్నలపెట్టె:
అక్కడే నాకు పేచీ. రెండు నిలిచాయి కాబట్టి మూడోది దోషి అన్నది ఓట్ల లెక్కే తప్ప ఆధారం కాదు. విధానం మారింది ఎక్కడో చూడండి. ఎదురుగా మనిషి కూర్చుని చదువుతుంటే జనం ‘అవును’ అనడానికి మొగ్గు చూపుతారు. ఆ మొగ్గు అనుకూల వాక్యం స్కోరును పెంచుతుంది, తిప్పి స్కోరు చేసిన వ్యతిరేక వాక్యాల్ని తగ్గిస్తుంది. వెబ్‌కు మారి ఆ మొగ్గు సడలితే అనుకూల ప్రశ్న కిందికి, తిప్పిన రెండూ పైకి జరగాలి. మోడల్‌కు తెలిసేది వాటి మధ్య ఎడం పెరిగిందని మాత్రమే. మీ పార్శ్వంలో వ్యతిరేక వాక్యాలు రెండు ఉండబట్టి నింద ఒంటరి ప్రశ్న మీద పడింది. అనుకూల వాక్యాలే రెండు ఉండి ఉంటే తీర్పు తారుమారయ్యేది. నిజానికి మూడూ కదిలి ఉండొచ్చు, అప్పుడు 0.09 కూడా నమ్మదగ్గ అంకె కాదు.

దీన్ని సరిచూడటానికి మిగతా నాలుగు పార్శ్వాలు ఉన్నాయిగా. అనుకూల వాక్యాలన్నీ ఒకవైపు, వ్యతిరేక వాక్యాలన్నీ మరోవైపు జరిగాయేమో చూడండి. అలా కనిపిస్తే ప్రశ్నను కాదు, జవాబుల తీరును మోడల్లో పెట్టాలి. 15 ప్రశ్నల మీదా, తిప్పక ముందరి స్కోర్లతో, లోడింగులన్నీ ఒకే విలువకు కట్టిన ‘అవును మొగ్గు’ ఫ్యాక్టర్ ఒకటి, దాని సగటు మూడో విడతలో స్వేచ్ఛగా.

ఇంతకంటే పెద్ద చిక్కు ఈ పరీక్షలకు అందనిది. మనిషి ముందు మంచిగా కనిపించాలన్న తపన అనుకూల వాక్యానికి అవును, వ్యతిరేక వాక్యానికి కాదు అనిపిస్తుంది. తిప్పి స్కోరు చేశాక మూడూ ఒకే దిక్కున పెరుగుతాయి. వెబ్‌లో అది తగ్గితే మూడూ కలిసి పడతాయి. ఆ పతనం మొత్తం ఫ్యాక్టర్ సగటులోకి ఇంకిపోతుంది, ఇంటర్‌సెప్టులు సమానంగానే నిలుస్తాయి, సీఎఫ్ఐ ఏ మచ్చా లేకుండా ఉంటుంది. స్థిరత్వ పరీక్ష పాసయిందంటే ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసగుతూ కదిలాయని అర్థం. ఆ కదలిక జీవితంలోదా, సర్వేలోదా అన్నది దానికి తెలియదు.

తూనికరాయి:
ఒప్పుకుంటాను. ఒంటరి ప్రశ్నల కొలతల్లో అయితే ఈ పాటి పరీక్ష కూడా ఉండదు. గాలప్ సంస్థ 2008 నుంచి అమెరికాలో రోజుకు వెయ్యిమందిని 0 నుంచి 10 మెట్ల నిచ్చెన మీద జీవితాన్ని అంచనా వేయమని అడిగింది. నిచ్చెన ప్రశ్నకు ముందు రాజకీయ ప్రశ్నలు పెట్టడం వల్లే సగటు దాదాపు 0.6 మెట్టు తగ్గుతోందని ఆంగస్ డీటన్ 2012లో చూపారు. అది బయటపడింది గణిత మోడల్‌తో కాదు. కొంతకాలం సగం మందిని యాదృచ్ఛికంగా ఎంచి, వాళ్లకు రాజకీయ ప్రశ్నలు తీసేసి అడగడం వల్ల.

పరిశీలిని:
మూడో విడత అయిపోయింది కదా, ఇప్పుడు నేను చేయగలిగిందేమైనా ఉందా?

ప్రశ్నలపెట్టె:
ముందు ఒక పట్టిక గీయండి. వరుసల్లో 15 ప్రశ్నలు, నిలువుల్లో మూడు విడతలు. ఒక్కో గడిలో అచ్చు వాక్యం, అంచెల పేర్లు, ఏ అంచె ముందు చూపారు, ప్రశ్నకు ముందు ఏముంది, ‘తెలియదు’ అన్నది తెరమీద కనబడిందా లేక అడిగినవారు మౌనంగా రాసుకున్నారా. వెబ్‌లో ‘తెలియదు’ కనబడితే, ముఖాముఖిలో నడిమి అంచె ఎంచుకునేవాళ్లు అటు జారుకుంటారు. విడతలు ఒకే ప్రశ్నావళి వాడాయని అందరూ రాస్తారు, పట్టిక గీస్తేగానీ తేడాలు బయటపడవు.

మూడో విడతలో వెబ్ లేనివాళ్లకని కొంతమందిని ముఖాముఖి అడిగి ఉంటే, వాళ్లను పోలికకు వాడుకోవాలని మనసు లాగుతుంది. వాళ్లు యాదృచ్ఛికంగా ఎంపికైనవాళ్లు కారు, వయసూ చదువూ వేరు. మొదటి రెండు విడతల స్కోర్లను నియంత్రించినా అది సూచనే, రుజువు కాదు.

నాలుగోఅంచె:
మానేసినవాళ్ల సంగతీ చూడండి. మొదటి విడత డేటాలో నిలిచిన 1,310 మందీ, తర్వాత జారిపోయిన 830 మందీ రెండు గ్రూపులు. ఇక్కడ మనుషులు వేరు కాబట్టి గ్రూపుల మోడల్ సరైనదే. లోడింగులు, ఇంటర్‌సెప్టులు ఈ రెండింటి మధ్య సమానమేనా? కాకపోతే విడతల మధ్య స్థిరత్వం అన్నది ఉండిపోయినవాళ్ల గురించిన మాట మాత్రమే అవుతుంది.

ఇంకొకటి, లావాన్ మామూలుగా ఇచ్చే సీఎఫ్ఐలోని శూన్య మోడల్ (పోలికకు పెట్టే, ప్రశ్నల మధ్య సంబంధమే లేదనే మోడల్) ప్రతి కాలమ్‌కూ వేరే సగటు, వేరే వ్యాప్తి ఇస్తుంది. విడతల పోలికలో ఒకే ప్రశ్న సగటు, వ్యాప్తి అన్ని విడతల్లోనూ సమానం అనేదే తగిన శూన్య మోడల్ అని వైడమన్, థాంప్సన్ 2003లో చెప్పారు. మీ 0.019, 0.010కి అంత దూరమేమీ కాదు, తిరిగి లెక్కించి చూడండి.

పరిశీలిని:
పట్టిక మొదలుపెట్టాను. ప్రశ్నల వరస మొదటి రెండు విడతల్లో ఒకటే, మూడోదాంట్లో ఈ కొలమానానికి ముందు ప్రభుత్వ సేవల మీద ఆరు ప్రశ్నలు చేర్చారు. నాలుగో విడత ప్రశ్నావళి ఇంకా ఖరారు కాలేదు. ఏమని అడగమంటారు?

ప్రశ్నలపెట్టె:
రెండు అడగండి. ఒకటి, నమూనాలో నాలుగో వంతును యాదృచ్ఛికంగా ఎంచి ముఖాముఖి పెట్టమనండి. ఖర్చుకు ఒప్పుకోకపోతే ఆరో వంతు, కానీ లాటరీ మాత్రం వదలొద్దు. రెండు, వెబ్ వారిలో సగం మందికి ఆ ఆరు ప్రశ్నలు కొలమానం తర్వాతకు జరపమనండి. దీనికి ఖర్చు లేదు, ప్రోగ్రాములో ఒక షరతు చాలు. ఎవరికి ఏ వరస వచ్చిందో చెప్పే కాలమ్ డేటా ఫైల్లో ఉండేలా ఇప్పుడే రాయించుకోండి. అది తొలగించి ఫైలు ఇవ్వడం తరచూ జరిగేదే.

తూనికరాయి:
ఈ వ్యాసం వరకు, తోడ్పాటు పార్శ్వంలో ఒకటో విడత నుంచి రెండో విడతకు మార్పును నమ్మకంగా రాయండి. అక్కడ విధానమూ, వరసా మారలేదు. మూడోదానికి 0.24, 0.09 రెండూ ఇచ్చి, పద్ధతి మార్పునూ ఆ ఆరు ప్రశ్నలనూ అదే పేరాలో పెట్టండి, చివరి పేజీ పరిమితుల జాబితాలోకి నెట్టొద్దు.