లాప్లాస్ ఇంటిగ్రల్‌కి ఆన్సర్ రావట్లేదు, ఎదురు ప్రశ్న అడుగుతోంది

బీటెక్_కుర్రాడు: పొద్దున్నుంచీ దీంతోనే కుస్తీ. 'ఈ పవర్ మైనస్ ఎస్‌టీ', సున్నా నుంచి ఇన్ఫినిటీ దాకా. పుస్తకంలో ఆన్సర్ 1/ఎస్. కంప్యూటర్‌లో కొడితేనేమో పాజిటివా, నెగటివా, జీరోనా అని అడుగుతోంది. లిమిట్స్ తీసేస్తే కింద ఏదో లాగ్ తగిలిస్తోంది. రేపే ఇంటర్నల్, టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

సూటిగా: ఏ సాఫ్ట్‌వేర్? ఏం టైప్ చేశారు?

బీటెక్_కుర్రాడు: మాక్సిమా అండీ. లెక్క పైన రాశాను కదా, అలాగే కొట్టాను.

లెక్కల_మాస్టారు: అది అడగడమే న్యాయం బాబూ. ఎస్ సున్నా అయినా, నెగటివ్ అయినా ఆ ఇంటిగ్రల్ డైవర్జ్ అవుతుంది, అంటే విలువ అనంతానికి పోతుంది. ఎస్>0 అయితేనే 1/ఎస్. పిల్లలు ఆన్సర్ బట్టీ పడతారు, పక్కనున్న షరతు వదిలేస్తారు. నేనైతే అక్కడ మార్కు కోస్తాను. చేత్తో చేస్తే రెండు లైన్లు.

పైథాన్_ప్రియ: మాక్సిమా ఎందుకసలు? పైథాన్‌లో లెక్కలు చేసే లైబ్రరీ సింపై ఉంది కదా, అందులో ఎస్‌ని డిక్లేర్ చేసేటప్పుడే పాజిటివ్ అని చెప్పేస్తే నేరుగా 1/ఎస్ ఇస్తుంది.

పాతకాపు: మాక్సిమాని అంత తేలిగ్గా తీసిపారేయకండి. దాని మూలం 1960ల చివర్లో ఎమ్‌ఐటీలో మొదలైంది. విలియం షెల్టర్ 1982 నుంచి 2001లో పోయేదాకా దాన్ని కాపాడుకుంటూ వచ్చారు. ఇవాళ మనం ఉచితంగా వాడుకుంటున్నామంటే ఆయన చలవే.

పైథాన్_ప్రియ: చరిత్ర సరే అండీ, రేపు పరీక్ష అంటున్నాడు.

లెక్కల_మాస్టారు: ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒకటే. 'ఈ పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్' లిమిట్స్ లేకుండా ఇచ్చి చూడండి, ఎర్ఫ్ (ఎర్రర్ ఫంక్షన్) అంటుంది. అదీ ఒక ఆన్సరేనా?

పాతకాపు: ఎందుకు కాదు మాస్టారూ? మనకు తెలిసిన మామూలు ఫంక్షన్లతో దాన్ని రాయలేమని 19వ శతాబ్దంలోనే లియూవిల్ అనే గణితవేత్త తేల్చేశాడు. సైన్, కాస్ లాగే ఎర్ఫ్ కూడా ఒక ఫంక్షనే.

సూటిగా: తమ్ముడూ, 'ఈ' ముందు % పెట్టావా? మాక్సిమాలో ఉత్త 'ఈ' అంటే ఇంకో తెలియని అక్షరమే, 2.718 కాదు. ఆ లాగ్ అందుకే. %ఈ అని కొట్టు. దానికన్నా ముందు అస్యూమ్(ఎస్>0) అని ఒక లైను ఇస్తే ప్రశ్న కూడా అడగదు.

బీటెక్_కుర్రాడు: వచ్చింది, 1/ఎస్. థాంక్స్ అన్నా.

లెక్కల_మాస్టారు: షరతు మాత్రం రాయి. పాతకాపు గారూ, సైన్‌కి త్రిభుజం ఉంది, ఎర్ఫ్‌కి ఏముంది?

పాతకాపు: బెల్ కర్వ్ కింద వైశాల్యం ఉంది కదండీ.