అయిదు వేలతో ఇంటికి కాపలా: కెమెరా ముందా, గొళ్లెం ముందా?

తోటపాలెం గృహస్థు:

విజయనగరం తోటపాలెంలో మా నాన్నగారు 1994లో కట్టించిన డాబా ఇంట్లో నేనూ మా ఆవిడా ఇద్దరమే ఉంటున్నాం. అమ్మాయి పురుడు బెంగళూరులోనే పోసుకుంటామని అల్లుడుగారు పట్టుబట్టడంతో, వచ్చే నెలలో ఇంటికి తాళం వేసి రెండు నెలల పాటు అక్కడ ఉండవలసి వస్తోంది. మామూలుగా అయితే ఇంత ఆలోచించేవాడిని కాను. కాని ఈ ఏడు సిరిమాను గుడికీ కోటకీ మధ్య తిరుగుతున్న సాయంత్రం, వీధి వీధంతా పైడితల్లి అమ్మవారి దగ్గర ఉన్న వేళ, మా వెనక వీధిలో తాళం వేసిన ఇంట్లో దొంగలు పడ్డారు. వాళ్లు పెరటి వైపు నుంచి వచ్చి, పని ముగించుకొని, వీధి గుమ్మం గుండా దర్జాగా వెళ్లిపోయారని చెప్పుకొంటున్నారు.

నేను ఖర్చు పెట్టగలిగింది అయిదు వేల రూపాయలు. ఆ సొమ్ముకు మంచి కెమెరా వస్తుందని అల్లుడుగారు అంటున్నారు. మా ఇంటికి వచ్చే వడ్రంగి మాత్రం ముందు తలుపులు చూసుకోమంటున్నాడు. నా మొగ్గు కెమెరా వైపే ఉంది, ఎందుకంటే తలుపు విరిగితే ఆ సంగతి నాకు బెంగళూరులో ఎలా తెలుస్తుంది? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

బొబ్బిలి వడ్రంగి:

మాస్టారూ, తలుపు విరిగిన సంగతి తెలియడం కన్నా తలుపు విరగకుండా ఉండడం మేలు కాదా? దొంగలు పడిన ఇళ్లకు మరమ్మతుకు పిలిచినప్పుడు నేను మొదట చూసేది తాళం కప్పను. చాలా ఇళ్లలో అది చెక్కుచెదరకుండా, వేసింది వేసినట్టే గొళ్లేనికి వేలాడుతూ ఉంటుంది. ఊడివచ్చింది గొళ్లెం పట్టీ, లేదా ద్వారబంధంలో దిగిన కొండీ. ఎనిమిది వందలు పెట్టి పెద్ద కంపెనీ తాళం కొన్న ఆసామి, ఆ తాళాన్ని మోస్తున్నవి ముప్పాతిక అంగుళం స్క్రూలు నాలుగేనని ఎప్పుడూ గమనించి ఉండడు. 1994 నాటి తలుపు అంటున్నారు కనుక, ఆ స్క్రూల చుట్టూ చెక్క ఈపాటికి వదులై ఉంటుంది. గునపం మొన దూర్చి ఒక్కసారి మీటితే చాలు, చప్పుడు కూడా పెద్దగా రాదు.

చేయవలసిన పని చిన్నదే. గొళ్లెం పట్టీ దగ్గర స్క్రూలు తీసేసి, తలుపు మందమంతా ఇవతలి నుంచి అవతలికి తొలిచి, గుండు తల ఉన్న బోల్టులను బయటినుంచి దూర్చి లోపల వాషరు వేసి నట్టు బిగించాలి. గుండు తలకు స్క్రూడ్రైవరు పట్టే గాడి ఉండదు కాబట్టి దాన్ని బయటినుంచి తిప్పడం కుదరదు. కొండీని కూడా ద్వారబంధం గుండా అవతలికి పంపి లోపల నట్టు వేయించండి. తలుపు బయటికి తెరుచుకునేది అయితే బందుల మేకులు కూడా బయటే ఉంటాయి, వాటిని కింది నుంచి తట్టి పైకి లాగేస్తే తాళంతో పనే లేదు. ఆ మేకుల కొసలను సుత్తితో నలగ్గొట్టిస్తే సరిపోతుంది.

ఇక మీ వెనక వీధివారి సంగతి మీరే రాశారు. వీధి తలుపుకు టేకు వేయించి, పెరటి తలుపుకు పలచటి ప్లైవుడ్డూ ఒక చిన్న టవర్ బోల్టూ వేయించడం మన జిల్లాలో దాదాపు ఆచారమైపోయింది. మీరు వెళ్లేది వీధి తలుపు గుండా కనుక, పెరటి తలుపుకు లోపలివైపు రెండు పక్కలా గోడలో ఇనుప కొక్కేలు దిగవేయించి, పాత పెంకుటిళ్లలో ఉండే అడ్డగడియలాగా ఒక మద్దికర్ర అడ్డం వేయండి. మేడ మెట్ల గది తలుపుకూ అదే పద్ధతి. మీ అయిదు వేలలో సగం కూడా కాదు.

రాజాం కెమెరా మెకానిక్:

వడ్రంగి మాస్టారు చెప్పిన పని మంచిదే, మా ఇంటికీ చేయించుకున్నాను. కాని ప్రశ్న అడిగినవారు ఇంటిని రెండు నెలలు వదిలి వెళ్తున్నారన్న సంగతిని ఆయన పక్కన పెట్టారు. బోల్టులైనా అడ్డకర్ర అయినా దొంగకు కలిగించేది ఆలస్యమే. ఇంట్లో మనిషి ఉంటే ఆ ఆలస్యంలో నిద్ర లేచి కేకలు వేయగలడు, ఎవరూ లేని ఇంట్లో ఆ ఆలస్యం ఎవరికి ఉపయోగం? రాత్రంతా అతనిదే. ఆలస్యానికి విలువ రావాలంటే ఆ పది నిమిషాల్లో ఎవరికో ఒకరికి కబురు అందాలి, ఆ కబురు అందించేది కెమెరాయే.

అయితే ఏ కెమెరా పడితే ఆ కెమెరా కొనవద్దు. రెండు నెలలు లేనప్పుడు ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంచుతారో లేదో తెలియదు కనుక, సిమ్ కార్డుతో పనిచేసే రకం తీసుకొని మెమరీ కార్డు వేయించండి. నాలుగు కెమెరాలు పెట్టించుకొని, అవి రికార్డు చేసే డీవీఆర్ పెట్టెను టీవీ కిందే పెట్టుకునేవారిని చూస్తే నాకు జాలి వేస్తుంది, దొంగ వెళ్తూ వెళ్తూ ఆ పెట్టెను కూడా చంకన పెట్టుకుపోతాడు. అటక మీద పాత సామాను వెనక పెట్టించుకోమని నేను వెళ్లిన ప్రతి ఇంట్లోనూ చెబుతాను. కెమెరాను చేతికి అందని ఎత్తులో, మరీ నడినెత్తి కాకుండా ముఖం కనిపించేలా బిగించాలి.

ఒక లోపం నేనే ఒప్పుకుంటాను. రాత్రిపూట కెమెరా చుట్టూ ఉండే సన్నటి వెలుగుకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు వచ్చి అద్దం ముందే గూడు అల్లుతుంది, గాలికి ఆ దారం ఊగినప్పుడల్లా మీ ఫోను మోగుతుంది. నాలుగు రాత్రులు అలా మోగేసరికి అయిదో రాత్రి మీరు ఫోను కట్టేసి పడుకుంటారు. ఇంటిలో మనిషి ఉంటే వారానికొకసారి చీపురుతో తుడిచేస్తాడు.

కవిటి కొబ్బరితోట:

అదే మా ఉద్దానంలో చిక్కు. ఇక్కడ వీధికి నాలుగైదు ఇళ్లు ఏడాదిలో తొమ్మిది నెలలు తాళాలతోనే ఉంటాయి. వాళ్లంతా చెన్నైకీ హైదరాబాదుకూ పనులకు వెళ్లినవారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా కొబ్బరితోటలు నేలకొరిగిన సంగతి అందరికీ తెలుసు. ఆ తరవాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోను సిగ్నలు లేదు. మా అన్నయ్య చెన్నైలో కూర్చొని తన ఇంటి కెమెరాలో నల్లటి తెర చూస్తూ, పై కప్పు ఉందో ఎగిరిందో తెలియక తల్లడిల్లిపోయాడు. కబురు చేరవేసింది పక్కింటి బాబాయి, అదీ కంచిలి దాకా నడిచి వెళ్లి. కెమెరా కొనవద్దని నేననడం లేదు, తుపానులు వచ్చే నెలల్లో దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దంటున్నాను.

తోటపాలెం గృహస్థు:

పక్కింటివారి మాట ఇద్దరు ముగ్గురు నేరుగా ఫోను చేసి కూడా చెప్పారు. వినడానికి బాగానే ఉంది. కాని మా వీధిలో పాతకాపులు ముగ్గురే మిగిలాం, తక్కినవన్నీ అద్దె ఇళ్లు, ఆరు నెలలకొకరు మారుతుంటారు. ఊరు వెళ్తున్న సంగతి ఎంతమందికి చెబితే అంత ప్రచారం కాదా?

పెద్దపాడు గృహిణి:

చెప్పకపోయినా మీ ఇల్లే చెబుతుంది, మాస్టారూ. శ్రీకాకుళంలో మా వీధిలో తెల్లవారి పాలకు వెళ్లేటప్పుడు ఎవరు ఊళ్లో లేరో నేను ఇట్టే చెప్పగలను. కళ్లాపి చల్లని గుమ్మం, ముగ్గు లేని వాకిలి, గేటుకు దోపిన నాలుగు రోజుల పేపర్లు, మిట్టమధ్యాహ్నం వెలుగుతున్న వరండా బల్బు. నాకు తెలిసింది దొంగకు తెలియదా? అందులోనూ మీరు వెళ్లేది ధనుర్మాసంలో అయితే, వీధి పొడవునా రథం ముగ్గులూ గొబ్బెమ్మలూ ఉండి మీ వాకిలి ఒక్కటే బోడిగా ఉంటుంది.

కాబట్టి అందరికీ చెప్పవద్దు, ఒక్కరికి చెప్పండి. మా ఎదురింటివారూ మేమూ ఎన్నో ఏళ్లుగా ఒక ఒప్పందం మీద నడుస్తున్నాం, ఎవరు ఊరు వెళ్తే వారి వాకిట్లో రెండోవారు ముగ్గు పెడతారు, గేటు మీది కాగితాలు తీసేస్తారు. పేపరూ పాలూ ముందే ఆపించండి. రాత్రంతా వెలగాలని మామూలు దీపం వేసి వదిలేయకుండా, చీకటి పడగానే తనంతట తాను వెలిగి తెల్లవారగానే ఆరిపోయే బల్బు పెట్టించండి. తొమ్మిది వాట్లది రాత్రికి పన్నెండు గంటలు వెలిగినా నెలకు మూడు యూనిట్లకు కాస్త పైన అవుతుంది, అంతే.

ఇంకొక మాట. తాళంచెవిని తులసికోట వెనకా, మీటరు పెట్టెలోనూ, చెప్పుల స్టాండులోనూ పెట్టే అలవాటు ఉంటే ఇవాళే మానుకోండి. బయట వేలాడే తాళం కప్పకు బదులు తలుపులోనే ఇమిడిపోయే సెంటర్ లాకు వేయిస్తే ఇల్లు మూసి ఉందో తాళం వేసి ఉందో దారిన పోయేవారికి తెలియదు. వేలాడే కప్ప నా దృష్టిలో ‘ఇంట్లో ఎవరూ లేరు’ అని రాసి పెట్టిన బోర్డే.

బొబ్బిలి వడ్రంగి:

అమ్మా, కొత్త తలుపుకైతే మీ మాటే నా మాట. ముప్పై ఏళ్ల నాటి తలుపులో సెంటర్ లాకు కోసం అరచేతి మందం గూడు తొలిస్తే, సరిగ్గా బలం కావలసిన చోటే పలక పలచనవుతుంది. తన్నితే అక్కడే చీలుతుంది. తలుపు మందం కొలిచి చూసి, తక్కువగా ఉంటే లోపలివైపు బిగించే రిమ్ లాకు వేయించుకోవాలి. కప్ప కనిపించకూడదంటే మరో ఉపాయం ఉంది: వీధి తలుపును లోపలినుంచే గడియ వేసి, పక్క సందులోకి తెరుచుకునే తలుపు గుండా బయటికి వచ్చి దానికి తాళం వేయడం. ఆ పక్క తలుపుకు బోల్టులు మాత్రం దిట్టంగా ఉండాలి.

చీపురుపల్లి విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:

తలుపుల గురించీ కెమెరాల గురించీ ఇంత చర్చ జరిగినా, బీరువాలో ఏముందని ఎవరూ అడగకపోవడం నాకు వింతగా ఉంది. దొంగ వచ్చేది బంగారం కోసమూ నగదు కోసమూ. మనవాళ్లు బీరువాకు తాళం వేసి, ఆ చెవిని అదే గదిలో పరుపు కిందో చీరల మడతల్లోనో దాస్తారు. వెతికేవాడు మొదట చేయి పెట్టేది అక్కడే. బంగారాన్ని లాకరులో పెట్టి, బీరువాకు తాళం వేయకుండా వదిలేయమన్నది నా సలహా. ఖాళీ బీరువాను విరగ్గొట్టించుకొని మళ్లీ కొనుక్కోవడం దేనికి?

లాకరు గురించి కూడా పూర్తిగా తెలుసుకొని వెళ్లాలి. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ఇచ్చి 2022 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన నిబంధనల ప్రకారం, అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, బ్యాంకు ఉద్యోగుల మోసం వంటివాటి వల్ల నష్టం జరిగితే బ్యాంకు బాధ్యత లాకరు వార్షిక అద్దెకు నూరు రెట్ల వరకే ఉంటుంది. అద్దె రెండు వేలైతే రెండు లక్షలు. ఇవాళ్టి బంగారం ధరకు అది ఒక పేట గొలుసుకు కూడా చాలకపోవచ్చు. అయినా పరుపు కింద తాళంచెవి కన్నా లాకరు ఎన్నో రెట్లు నయం. వెళ్లేముందు నగలను ఫోటోలు తీసి, బిల్లులు ఒకచోట పెట్టుకుంటే ఫిర్యాదులో రాయడానికీ, వస్తువు దొరికినప్పుడు మీదేనని చూపించుకోవడానికీ పనికొస్తాయి.

కెమెరా కొనాలా అని అడిగారు కదా, ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్లపై నిఘా కోసం ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు తెచ్చారు. మనం నమోదు చేసుకొని ఊరు వెళ్తున్నామని కోరితే ఉచితంగా కెమెరా అమరుస్తారు, ఇంట్లో కదలిక ఉంటే వారికి సంకేతం వెళ్తుంది. వెళ్లేముందు మీ స్టేషనులో అడిగి చూడండి.

రాజాం కెమెరా మెకానిక్:

మా వ్యాపారానికి గండి కొట్టారు, కానీ మంచి మాటే చెప్పారు. బీరువా తెరిచి ఉంచడం మాత్రం నేను ఒప్పుకోను. ఏమీ దొరకని దొంగ ఊరికే పోడు, ఇల్లంతా తిరగేసి ఇత్తడి బిందెలూ గ్యాసు సిలిండరూ కూడా మోసుకుపోతాడు.

చీపురుపల్లి విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:

పోనివ్వండి బాబూ, బిందెలే కదా.

తోటపాలెం గృహస్థు:

పది రోజుల తరవాత రాస్తున్నాను. మా ఆవిడ బిందెల విషయంలో మెకానిక్ గారి పక్షాన ఉంది, ఎందుకంటే అవి ఆమె పుట్టింటి సారె. వాటిని గోనెసంచిలో కట్టి అటక మీదికి ఎక్కించాం.

గొళ్లెం దగ్గర స్క్రూ ఒకటి విప్పి చూశాను. స్క్రూడ్రైవరు అవసరమే పడలేదు, గోళ్లతో పట్టుకొని లాగితే పొడిపొడిగా చెక్కతో సహా చేతిలోకి వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా ఆ స్క్రూను నమ్ముకొని తిరుపతి, కాశీ, రామేశ్వరం తిరిగి వచ్చాం. ఆ మర్నాడే వడ్రంగిని పిలిచాను. గొళ్లేలకు బోల్టులు, పెరటి తలుపుకూ మెట్ల గదికీ అడ్డకర్రలు, కూలితో కలిపి రూ.2,350 అయింది, చీకటి పడితే వెలిగే బల్బు వేరే. బంగారం లాకరుకు వెళ్లింది. పోలీసు స్టేషనుకు సోమవారం వెళ్తున్నాను.

మిగిలిన సొమ్ముతో సిమ్ కెమెరా కొందామని అల్లుడుగారు ఇంకా అంటూనే ఉన్నారు. దానికి నేను ఒప్పుకొన్నాను గాని, ఒక్క షరతు మీద: రాత్రి మోగే ఫోను ఆయనదే కావాలి. ముగ్గు సంగతి పక్కింటి పెద్దమ్మగారిని అడిగితే సంతోషంగా ఒప్పుకొని, రోజూ పూజకు మా పెరట్లో ముద్దమందారాలు కోసుకుంటానన్నారు. పెరటి గేటు తాళంచెవి ఆవిడకు ఇచ్చి వెళ్తున్నాం. కెమెరా మీది సాలెగూడు కూడా దులపమని అడగడానికి మాత్రం నోరు రాలేదు.