డాక్ మీదుగా 4కె తెర 30 హెర్ట్జ్ దాటడం లేదు

ప్రశ్న: కార్యాలయం ఇచ్చిన ల్యాప్‌టాప్‌ను, నేను సొంతంగా కొనుక్కున్న యూఎస్‌బీ-సీ డాకింగ్ స్టేషన్‌కు (ఒకే తీగతో తెరను, ఛార్జింగ్‌ను, ఇతర పరికరాలను ల్యాప్‌టాప్‌కు జోడించే పెట్టె, క్లుప్తంగా డాక్) కలిపి పనిచేస్తున్నాను. 4కె మానిటర్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు కలిపితే 60 హెర్ట్జ్ (తెర మీది బొమ్మ సెకనుకు 60 సార్లు మారడం) వస్తోంది. డాక్ మీదుగా అయితే 30 దాటడం లేదు, మౌస్ బాణం తడబడుతూ కదులుతోంది. పైగా డాక్ మీద 100 వాట్లు అని రాసి ఉన్నప్పటికీ, ఛార్జింగ్ నెమ్మదిగా అవుతోందన్న హెచ్చరిక వస్తోంది. డాక్‌లోనే లోపం ఉందంటారా?

జవాబు: లోపం కాకపోవచ్చు. యూఎస్‌బీ-సీ తీగలో వేగవంతమైన దారులు నాలుగే ఉంటాయి. చాలా డాక్‌లు వాటిలో రెండింటిని యూఎస్‌బీ సమాచారానికి, మిగిలిన రెండింటిని తెరకు కేటాయిస్తాయి. తెరకు బొమ్మను పంపే డిస్‌ప్లేపోర్ట్ 1.2 పద్ధతిలో ఆ రెండు దారుల మీద సెకనుకు 8.64 గిగాబిట్లు మాత్రమే వెళ్లగలవు. 4కె తెరకు 60 హెర్ట్జ్ కావాలంటే సుమారు 12.5 గిగాబిట్లు అవసరం కనుక, కంప్యూటర్ తనంతట తానే 30కి దిగిపోతుంది. ల్యాప్‌టాప్, డాక్ రెండూ డిస్‌ప్లేపోర్ట్ 1.4 అయితే అదే రెండు దారుల్లో దాదాపు 13 గిగాబిట్లు పడతాయి, అంటే ఇరుకుగానైనా సరిపోతుంది. అయితే ముందుగా మానిటర్‌ను డాక్‌లోని హెచ్‌డీఎంఐ నుంచి తీసి డిస్‌ప్లేపోర్ట్‌కు మార్చి చూడండి. ఆ హెచ్‌డీఎంఐ 1.4 రకానిదైతే 4కెలో 30 హెర్ట్జే దాని హద్దు.

ఛార్జింగ్ విషయంలో నా అనుమానం తీగ మీదే. 5 ఆంపియర్లకు తగినదని తెలిపే చిప్ లేని తీగ 3 ఆంపియర్లకు మించి మోయదు. 20 వోల్టుల వద్ద అది 60 వాట్లే అవుతుంది. అలాగే డాక్ మీద రాసిన 100 వాట్లు అది అడాప్టర్ నుంచి తీసుకునేవా, ల్యాప్‌టాప్‌కు ఇచ్చేవా అన్నది చూడండి. తీసుకునేవే అయితే, అందులో డాక్ తన వాటా ఉంచుకుని మిగిలినది మాత్రమే పంపుతుంది.

ప్రశ్న అడిగినవారు: 100 వాట్ల తీగ ఒకటి తెచ్చి కలిపాను. హెచ్చరిక పోయింది కానీ, ఇప్పుడు తెర మీద బొమ్మే రావడం లేదు!

జవాబు: మీరు తెచ్చినది ఛార్జింగ్ కోసమే చేసిన యూఎస్‌బీ 2.0 తీగ అయి ఉంటుంది. 100 వాట్లు మోసినా, అందులో తెరకు కావలసిన దారులే ఉండవు. (చూడడానికి రెండూ ఒకేలా ఉండడం కొనేవారి ఖర్మ.) 100 వాట్లతో పాటు 10 గిగాబిట్లు లేదా అంతకు మించిన వేగం ఉన్నట్టు రాసిన, మీటరు దాటని తీగను తీసుకోండి.

మరొక సభ్యుడు: డిస్‌ప్లేలింక్ డాక్‌కు మారమని ఎవరైనా సలహా ఇస్తే ఒక్క క్షణం ఆగండి. అది బొమ్మను ప్రాసెసర్‌తో కుదించి మామూలు యూఎస్‌బీ సమాచారంగా పంపుతుంది కనుక దానికి ప్రత్యేక డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) కావాలి. కార్యాలయపు ల్యాప్‌టాప్‌లో దానిని పెట్టుకునే హక్కు సాధారణంగా మన చేతిలో ఉండదు, ఐటీ విభాగాన్ని అడగవలసిందే. మీ ల్యాప్‌టాప్ పోర్ట్ పక్కన మెరుపు గుర్తు ఉందా?

ప్రశ్న అడిగినవారు: ఉంది, పక్కనే 4 అని కూడా ఉంది.

మరొక సభ్యుడు: అయితే అది థండర్‌బోల్ట్ 4 (యూఎస్‌బీ-సీ ఆకారంలోనే ఉండే మరింత వేగవంతమైన పోర్ట్), దాని వేగం సెకనుకు 40 గిగాబిట్లు. థండర్‌బోల్ట్ డాక్ అయితే రెండు 4కె తెరలు 60 హెర్ట్జ్‌లో నడుస్తాయి. కొనే ముందు, కార్యాలయం ఆమోదించిన డాక్‌ల జాబితా ఉందేమో అడగండి.