అప్‌డేట్: నాన్నగారికి ఈ-రీడరే కొన్నాం

డెబ్భై దాటిన నాన్నగారు రాత్రిపూట చదువుకోవడానికి ట్యాబ్ మంచిదా, ఈ-రీడర్ (పుస్తకాలు చదవడానికే చేసిన పరికరం) మంచిదా అని రెండు నెలల క్రితం ఇక్కడ మిమ్మల్ని అడిగాను. ఈ-రీడర్ కొనమని పట్టుబట్టిన వారందరికీ చేతులెత్తి నమస్కారం. 6 అంగుళాల కిండిల్ తీసుకున్నాం.

మొదటి రోజు ఆయన తెరను గోటితో మెల్లగా గీకి చూశారు, పైన కాగితం అంటించారేమోనని! ఆ అనుమానం రావలసిందే. లోపల వెంట్రుక మందంలో ఉండే గుళికలు, వాటిలో నల్లని, తెల్లని రేణువులు. విద్యుత్తు తగిలితే ఏదో ఒక రంగు పైకి తేలుతుంది, అదే అక్షరం. పేజీ మార్చడానికే కరెంటు కావాలి, నిలబెట్టడానికి అక్కర్లేదు. అందుకే తెర దీపం వెలుగు తగ్గించి చదివే మా నాన్నగారికి ఛార్జరు ఎక్కడుందో కూడా గుర్తులేదు.

చిక్కంతా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలతోనే వచ్చింది. ఆ పీడీఎఫ్‌లో పేజీ అంతా ఒక బొమ్మ. ఒత్తులు చీమల్లా కనిపించేవి, పెద్దవి చేస్తే వాక్యం తెర దాటిపోయేది. మీలో ఒకరు చెప్పినట్టు తెరను అడ్డంగా తిప్పాం. సగం సగం పేజీ చొప్పున ఇప్పుడు హాయిగా చదువుతున్నారు. ఈపబ్ (బొమ్మలా కాక అక్షరాలుగానే ఉండే ఈ-పుస్తకం ఫైలు) దొరికితే ఇక పండగే, అక్షరం ఎంత పెంచినా వాక్యాలు వాటంతటవే సర్దుకుంటాయి.

ఇప్పుడు అమ్మ కూడా తనకొకటి కావాలంటోంది. ఆవిడకు వంటల వీడియోలు ఉండాలి కాబట్టి ట్యాబే కొంటున్నాం.