గుంటూరు–విజయవాడ రోజూ తిరగడానికి ఐ20 ఎన్ లైనా, ఆల్ట్రోజ్ రేసరా?

బ్రాడీపేట_బాబు:
అందరికీ నమస్కారం. ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో, పని విజయవాడ ఆటోనగర్‌లో. వారానికి ఆరు రోజులు వెళ్లి రావాలి. రెండు సెకండ్ హ్యాండ్ బళ్లు చూసి పెట్టుకున్నాను. రెండూ 2024 మోడల్, ధర కూడా ఇంచుమించు ఒకటే. ఒకటి హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ ఎన్8, డీసీటీ గేర్‌బాక్స్ (క్లచ్ పెడల్ ఉండదు, గేర్లు వాటంతటవే మారతాయి). రెండోది టాటా ఆల్ట్రోజ్ రేసర్ ఆర్3. రేసర్‌లో మాన్యువల్ ఒక్కటే ఉంది. ఆదివారాలు అమ్మానాన్న వెనక సీట్లో ఉంటారు. నాకు బండి నడపడమంటే చాలా ఇష్టం, ఆ ఇష్టం చంపుకుని మామూలు హ్యాచ్‌బ్యాక్ కొనలేను. ఏది తీసుకోమంటారు?

పటమట_పిస్టన్:
ఆలోచించకుండా ఎన్ లైన్ తీసుకో తమ్ముడూ. కాగితం మీద రెండింటి ఇంజిన్ శక్తీ 120 పీఎస్‌లే. టార్క్, అంటే లాగే బలం, ఎన్ లైన్‌ది 172 ఎన్‌ఎం, రేసర్‌ది 170. తేడా అంతా నడిపేటప్పుడే తెలుస్తుంది. మామూలు ఐ20 కంటే సస్పెన్షన్ బిగువుగా, స్టీరింగ్ బరువుగా చేశారు. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. రేసర్‌కి వెనక ఇంకా డ్రమ్ములే. కాజ టోల్ దాటాక లారీని ఓవర్‌టేక్ చేయాలంటే ఏడు గేర్ల డీసీటీ కంటిరెప్ప వేసేలోపు గేరు దించి ఇస్తుంది. రోజూ రెండు పూటలా ఆ దారిలో వెళ్లేవాడికి అంతకంటే ఏం కావాలి?

తాడేపల్లి_మెకానికల్:
పిస్టన్ గారు చెప్పింది హైవే వరకు నిజం. కానీ బాబు గారి దారిలో హైవే ఒక ముక్క మాత్రమే. పొద్దున తొమ్మిదింటికి శంకర్ విలాస్ దగ్గర నుంచి ఊరు దాటేసరికి ఎంతసేపు పడుతుందో గుంటూరులో ఉండేవాళ్లకి తెలుసు. ఆ తర్వాత పెదకాకాని, నంబూరు, మంగళగిరి హాయిగా వెళ్లిపోతారు. మళ్లీ కృష్ణ మీది వారధి దగ్గర నెమ్మదిస్తుంది. ఫ్లైఓవర్లు వచ్చాక నేరుగా రామవరప్పాడు వైపు వెళ్లేవాళ్లకి చాలా తేలికైంది గానీ, పటమట, ఆటోనగర్ వెళ్లాల్సినవాళ్లు బెంజ్ సర్కిల్ కిందికి దిగాల్సిందే. బండి ఏదో తేల్చుకోవాల్సింది ఆ పది, పదిహేను కిలోమీటర్ల వేగం దగ్గర.

ఐ20లో ఉన్నది డ్రై క్లచ్ డీసీటీ. మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య నూనె ఉంటుంది, బండి ట్రాఫిక్‌లో ఎంత పాకినా అది పట్టించుకోదు. ఇందులో అలా కాదు. మాన్యువల్‌లో మన కాలు చేసే పనినే కంప్యూటర్ చేస్తుంది. బండి అంగుళం అంగుళం కదులుతున్నంతసేపూ క్లచ్ ప్లేట్లు జారుతూనే ఉంటాయి, వేడెక్కుతాయి, చల్లబరచడానికి గాలి తప్ప నూనె లేదు. మే నెలలో విజయవాడ రోడ్డు మీద ఆ గాలి ఎంత వేడిగా ఉంటుందో వేరే చెప్పాలా? వేడి హద్దు దాటితే పక్కన ఆపమని స్క్రీన్ మీద హెచ్చరిక వస్తుంది. అది బండి పాడైనట్టు కాదు, ఆ తరహా గేర్‌బాక్స్ అలాగే పనిచేస్తుంది. కానీ రోజూ ఆ పరిస్థితికి దగ్గరగా తిప్పేవాడు క్లచ్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

ఇంకో మాట. నేను రేసర్ వైపే మొగ్గుతాను, దానికి అసలు కారణం గేర్‌బాక్స్ కాదు. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు బండిని గుద్దించి చూసే పరీక్షలో మామూలు ఆల్ట్రోజ్‌కి పెద్దల భద్రతలో అయిదుకి అయిదు స్టార్లు వచ్చాయి, బాడీ స్థిరంగా ఉందన్నారు. 2022లో ఐ20కి మూడు స్టార్లు వచ్చాయి, బాడీ నిలకడగా లేదని రాశారు. రెండింటినీ రెండేసి ఎయిర్‌బ్యాగులతోనే పరీక్షించారు. లారీల మధ్య రోజూ ఎన్‌హెచ్–16 మీద తిరిగేవాడు, వెనక సీట్లో అమ్మానాన్నను కూర్చోబెట్టుకునేవాడు, వెనక డిస్క్ బ్రేకుల కంటే ముందు దీన్ని చూడాలి. ఆల్ట్రోజ్ వెనక డోర్లు తొంభై డిగ్రీలు తెరుచుకుంటాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎక్కడం, దిగడం కూడా సులువు.

పటమట_పిస్టన్:
ఆ మూడు స్టార్లు పాత మోడల్‌వి. 2023 సెప్టెంబరు తర్వాత వచ్చిన ఎన్ లైన్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి జారి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌సీ అన్ని వేరియంట్లలోనూ ఉన్నాయి.

తాడేపల్లి_మెకానికల్:
ఉన్నాయండీ, మంచిదే, రేసర్‌లో కూడా ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి. కానీ ఎయిర్‌బ్యాగు కాపాడాలంటే దాని చుట్టూ ఉన్న బాడీ నలగకుండా నిలబడాలి. 2023 ఫేస్‌లిఫ్ట్‌లో, అంటే పైపై మార్పుల్లో, బంపరు, లైట్లు మారాయి గానీ అది కొత్త తరం బండి కాదు.

మంగళగిరి_వాణి:
నేను ఇదే దారిలో రోజూ మాన్యువల్ బండి నడుపుతాను. మీరిద్దరూ గుద్దుకుంటే ఏమవుతుందో మాట్లాడుతున్నారు, రోజూ జరిగేది మాట్లాడటం లేదు. సాయంత్రం ఆరున్నరకి వారధి ఎక్కేముందు క్లచ్ తొక్కీ తొక్కీ ఇంటికి వచ్చేసరికి ఎడమ మోకాలు చెప్పే మాట నేను వింటున్నాను. అలసిపోయిన డ్రైవర్ కూడా ప్రమాదమే కదా. డీసీటీని సరిగ్గా నడపడం నేర్చుకుంటే చాలు. ముందు బండి జానెడు కదలగానే మనమూ కదలకూడదు. బ్రేకు గట్టిగా తొక్కి ఉంచి, ఒక బండి పట్టేంత ఖాళీ వచ్చాక ఒకేసారి వెళ్లాలి. ఎత్తు రోడ్డు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకూడదు. ఈ రెండూ పాటిస్తే క్లచ్ మీద భారం చాలా తగ్గుతుంది.

తాడేపల్లి_మెకానికల్:
వాణి గారూ, పద్ధతి నూటికి నూరుపాళ్లు కరెక్ట్. చిక్కేమిటంటే బెంజ్ సర్కిల్ కింద ఆ ఖాళీ మనకి మిగలదు, రెండు ఆటోలూ నాలుగు బైకులూ దూరిపోతాయి. మోకాలి సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. బాబు గారికి ఇప్పటికే కాలు నొప్పి ఉంటే రేసర్ వద్దనే నేనూ అంటాను.

బ్రాడీపేట_బాబు:
కాలు బాగానే ఉంది. టోల్ గురించి కూడా చెప్పండి. సుమారు మూడు వేల రూపాయల ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకుంటే ఏడాదంతా సరిపోతుందా?

మంగళగిరి_వాణి:
సరిపోదండీ. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. వెళ్తే ఒకటి, వస్తే ఒకటి. రోజుకి రెండు చొప్పున వంద పనిదినాల్లో అయిపోతుంది, నాలుగు నెలలు కూడా రాదు. అయినా ఒక్కో ట్రిప్పుకి సుమారు పదిహేను రూపాయలే పడుతుంది కాబట్టి లాభమే. ఏ బండి కొన్నా ఈ ఖర్చు ఒకటే.

పటమట_పిస్టన్:
సరే, నా ఓటు ఇంకా ఎన్ లైన్‌కే. కానీ బాబూ, ఆ బండిని ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద చూసి డబ్బులివ్వకు. పనిరోజు సాయంత్రం ఆరింటికి పటమట నుంచి వారధి దాకా నడిపి చూడు. పాకేటప్పుడు ఒణుకు, కుదుపు ఉంటే వదిలేయ్.

తాడేపల్లి_మెకానికల్:
రేసర్‌ని కూడా అదే గంటకి, అదే దారిలో నడపండి. అమ్మానాన్నని వెనక కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది, ఎన్ లైన్ బిగువు సస్పెన్షన్ మీద వాళ్ల నడుం ఏమంటుందో కూడా తెలుస్తుంది. మూడో గేరులో ఎత్తు రోడ్డు ఎక్కిస్తూ యాక్సిలరేటర్ తొక్కండి. ఇంజిన్ రొద పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అరిగినట్టే. రెండు బళ్లకీ ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర అడగండి. 2024 సెప్టెంబరు ముందు కొని విజయవాడలో తిరిగిన బండి అయితే ఆ నెల వచ్చిన బుడమేరు వరద నీళ్లలో నిలిచిందేమో తప్పకుండా చూడాలి. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చివర మరకలున్నాయా, స్పేర్ టైరు కింద బురద ఎండిపోయి ఉందా అని చూడండి. ఆ నీళ్లు చూసిన బండి ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

బ్రాడీపేట_బాబు:
రేసర్ గుంటూరు బండే, ఎన్ లైన్ మాత్రం బుడమేరు నీళ్లు వచ్చిన విజయవాడ సింగ్ నగర్‌ది. 2024 ఏప్రిల్‌లో కొన్నారట. రేపు సాయంత్రం మెకానిక్‌ని వెంటబెట్టుకుని వెళ్తున్నాను.